కళ్ళజోడు వద్దన్నది ఎవరు?

పిల్లకు సైటు ఉందని చెప్పగానే తల్లిదండ్రుల నోట వచ్చే మొదటి మాట చాలాసార్లు ఒకటే. "కళ్ళజోడు లేకుండా ఇంకేదైనా మార్గం ఉందా, డాక్టరుగారూ?" పాప పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంటుంది. ఏ ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉంటాయి. అంతవరకు ఆ పిల్లకు కళ్ళజోడంటే భయం లేదు. బల్ల మీద వరసగా పెట్టిన ఫ్రేముల్లో ఊదారంగుది ఒకటి అప్పటికే చూసి పెట్టుకుంది కూడా. అమ్మ గొంతులో దిగులు విన్నాక ఆ చూపు ఫ్రేముల మీంచి నేల మీదికి వాలిపోతుంది. తనకేదో కాకూడనిది అయిందని అప్పుడు అనుకుంటుంది.

అమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. బళ్ళో సోడాబుడ్డి అని ఏడిపిస్తారేమో, రేపు పెళ్ళిచూపుల్లో ఎవరైనా ఒక మాట అంటారేమో అన్న బెంగ అది. ఆడపిల్ల అయితే ఆ బెంగ రెట్టింపవుతుంది. మనం పెరిగిన వీధులు, చూసిన సినిమాలు మనలో నాటిన భయం అది. బిడ్డ మీద ప్రేమ లేనివాళ్ళకు ఆ భయమే ఉండదు. అయితే ఆ భయంతోనే కొందరం చీటీ రాయించుకుని కూడా కళ్ళజోడు చేయించం. చేయించినా ఫంక్షనుకు వెళ్ళేటప్పుడు తీసేయమంటాం, ఫోటోకు ముందు తీసేయమంటాం. ఏడాది తిరిగేసరికి "లెన్సులు పెట్టించవచ్చా?" అని అడుగుతాం. లెన్సులు మంచి సాధనాలే, వాటి గురించి వివరంగా మాట్లాడుకుందాం. దానికి ముందు మన పిల్లలకు లోకం ఎలా కనిపిస్తోందో ఒకసారి చూద్దాం.

దూరం సరిగ్గా కనపడని బిడ్డ ఆ సంగతి మనతో చెప్పదు. చెప్పాలని కూడా దానికి తెలియదు. మసక నెలల తరబడి మెల్లమెల్లగా కమ్ముకుంటే, అందరికీ ఇలాగే కనిపిస్తుందనుకుంటుంది. బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తే, టీచరు ముందు బెంచీల వాళ్ళకోసమే రాస్తారనుకునే పిల్లలున్నారు. పక్కవాడి నోటుబుక్కులో చూసి రాసుకునే బాబు కాపీ కొట్టడం లేదు. బోర్డు చదవడానికి వాడు కనిపెట్టుకున్న ఉపాయం అది. వీధి చివరి నుంచి పిన్ని చెయ్యి ఊపితే తిరిగి ఊపని పిల్లకు పొగరని పేరు పెడతాం. పిన్ని ముఖమే దానికి ఆనలేదు. ఆటస్థలంలో అవతలివాళ్ళు నవ్వుతున్నారో కోప్పడుతున్నారో పోల్చుకోలేని పిల్లలు నెమ్మదిగా గుంపుకు దూరంగా జరుగుతారు. బంతి మీదికి వచ్చేదాకా కనపడని వాడు ఆట మానేస్తాడు. "మావాడికి ఆటలంటే ఇష్టం లేదండీ, ఎప్పుడూ ఏదో ఒకటి ముఖం ముందు పెట్టుకుని కూర్చుంటాడు" అని మనమంటాం. ముఖం ముందున్నదే వాడికి స్పష్టంగా కనిపించే లోకం మరి.

ఇలాంటి పిల్లలకు ధ్యాస లేదని, మొండితనమని ముద్ర వేసేముందు కళ్ళు చూపిద్దాం. టీవీ దగ్గరికి జరుగుతుంటే, కళ్ళు చికిలిస్తుంటే, తల ఒక పక్కకు వంచి చూస్తుంటే ఆలస్యం చెయ్యవద్దు. ఇవేవీ లేకపోయినా బళ్ళో వేసేముందు, మూడేళ్ళ వయసులో ఒకసారి కంటి పరీక్ష చేయించడం మంచిది. నెలలు నిండకుండా పుట్టిన పాపాయిల సంగతి వేరు. 34 వారాలకు ముందు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువ బరువున్నా, పుట్టిన 30 రోజులలోపు రెటీనా పరీక్ష జరిగితీరాలి. ఫోటోలో ఒక కంటి పాప తెల్లగా మెరిసినట్టు కనపడితే ఏ వయసు బిడ్డనైనా ఆ వారమే తీసుకెళ్ళండి. ప్రతిసారీ అది ప్రమాదమే అని కాదు. కానీ కంటి క్యాన్సరును అలాంటి ఫోటోల్లోనే మొదట గుర్తించిన కుటుంబాలున్నాయి.

ఇక్కడ ఒక కఠినమైన నిజం చెప్పక తప్పదు. పవర్ రెండు కళ్ళలో సమానంగా ఉంటే బిడ్డ ఇబ్బంది ఏదో విధంగా మన కంట పడుతుంది. ఒక కంటిలోనే ఎక్కువగా ఉంటే మాత్రం ఏ గుర్తూ కనపడకపోవచ్చు. బాగున్న కన్ను పని నెట్టుకొస్తుంది. మెదడు మసక బొమ్మను పంపే కంటిని పట్టించుకోవడం మానేస్తుంది, ఆ కంటికి చూపు నేర్చుకునే అవకాశమే దొరకదు. దీన్నే లేజీ ఐ అంటారు. ఇంట్లో ఆటలా ఒక్కో కంటిని అరచేత్తో మూసి చూడండి. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూసినప్పుడు మీ చెయ్యి తోసేస్తే అనుమానించాలి. మెల్లకన్ను కూడా ఇదే దారి పట్టిస్తుంది. మెల్ల ఉంటే అదృష్టమని మన పెద్దవాళ్ళు ముద్దుగా అన్న మాట నమ్మి ఆగిపోయిన ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఏడేళ్ళలోపు చికిత్స మొదలైతే ఫలితం బాగా ఉంటుంది. ఆ తర్వాత కూడా పన్నెండేళ్ళ దాకా ఎంతో కొంత మెరుగుపడే పిల్లలున్నారు కాబట్టి ఆశ వదులుకోనక్కర లేదు. పెద్దయ్యాక చేయించుకునే లేజర్ ఆపరేషను పవర్ తగ్గిస్తుంది గానీ, చిన్నప్పుడు మెదడు నేర్చుకోని చూపును తెచ్చివ్వలేదు.

చికిత్సలో భాగంగా బాగున్న కంటికి పట్టీ వేస్తాం. మధ్యస్థంగా ఉన్న లేజీ ఐకి రోజుకు రెండు గంటలు చాలని పరిశోధనలు చెప్పాయి. ఆ రెండు గంటలూ ఇంట్లో యుద్ధంలా ఉంటుందని తల్లులు చెబుతారు. బిడ్డ వైపు నుంచి ఆలోచిద్దాం. చక్కగా కనిపిస్తున్న కంటిని అమ్మే మూసేసి, మసక కంటితో అక్షరాలు దిద్దమంటోంది. ఎందుకో వాడికి అర్థం కాదు, శిక్ష అనుకుంటాడు. అందుకే పట్టీ వేసే వేళకు వాడికి ఇష్టమైన పనే పెట్టండి. రంగులేయనివ్వండి, పప్పులో రాళ్ళు ఏరనివ్వండి, మీరూ పక్కన కూర్చోండి.

మైనస్ పవర్ మాటకొద్దాం. బడిపిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. పుట్టినప్పుడు కంటి గుడ్డు పొడవు 16, 17 మిల్లీమీటర్లు. పెద్దయ్యేసరికి 24 దగ్గర ఆగాలి. అలా ఆగకుండా ఇంకా సాగితే దూరపు బొమ్మ రెటీనాకు చేరకముందే ఏర్పడి మసకబారుతుంది. ఒక్క మిల్లీమీటరు అదనంగా పెరిగితే దాదాపు మైనస్ రెండున్నర నుంచి మూడు దాకా పవర్ వస్తుంది. కళ్ళజోడు పెట్టుకుంటే కళ్ళు దానికి అలవాటుపడి పవర్ పెరుగుతుందన్న భయం అందుకే సరికాదు. పెరుగుతున్నది గుడ్డు, అద్దం దాన్ని పెంచదు. పవర్ కాస్త తగ్గించి రాయమని అడిగేవారున్నారు. తగ్గించి ఇస్తే పెరుగుదల ఆగదు, ఇంకా వేగంగా పెరిగిన దాఖలా కూడా ఉంది. వ్యాయామాలతో కళ్ళజోడు తీయించేస్తామనే ప్రకటనలు చూస్తుంటాం. సాగిన గుడ్డును కుదించే వ్యాయామం ఏదీ లేదు.

"మా రెండు వైపులా ఎవరికీ లేదు, వీడికెక్కడి నుంచి వచ్చింది?" అన్న ప్రశ్న ఇంట్లో చివరకు తల్లి మీదికి వచ్చి ఆగుతుంది. వంశం కొంత కారణం, నిజమే. కానీ చిన్న వయసు నుంచే పుస్తకం, ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, పగటి వెలుగుకు దూరమవడం అంతకంటే పెద్ద కారణాలుగా మారాయి. ట్యూబులైటు కింద వెలుగు కొన్ని వందల లక్స్ మాత్రమే. పగటిపూట వేపచెట్టు నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడులు తీసుకుని, సగం బడుల్లో రోజూ 40 నిమిషాల ఆరుబయట తరగతి పెట్టారు. మూడేళ్ళ తర్వాత మైనస్ పవర్ వచ్చినవారు మామూలు బడుల్లో వందకు 40 మంది దాకా ఉంటే, బయట గడిపిన పిల్లల్లో 30 మంది. 2015లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఖర్చు లేని మందు ఇది. అయితే పవర్ రాకముందు పనిచేసినంతగా వచ్చాక పనిచేయదు. అందుకే ఎల్‌కేజీ వయసు నుంచే రోజుకు రెండు గంటలు బయట ఆడనివ్వాలి. పొద్దున బడి, సాయంత్రం ట్యూషను, ఆదివారం కూడా పరీక్ష అనే మన పద్ధతిలో ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వస్తాయో మనమే కూర్చుని లెక్క వేయాలి. బిడ్డ వేయలేదు. చదివేటప్పుడు పుస్తకం దాదాపు మూరెడు దూరంలో ఉండేలా చూడండి. పవర్ ఏటా పెరుగుతూ పోతుంటే పలచటి అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకమైన అద్దాలు, లెన్సులు ఉన్నాయి. అవి పెరుగుదల వేగాన్ని తగ్గిస్తాయి, వచ్చినదాన్ని తీసేయవు.

చార్టు మీద చివరి వరస చదివేస్తే కళ్ళు బాగున్నట్టే అనుకోవడం ఇంకో పొరపాటు. దూరంగా ఉన్న అక్షరం పోల్చుకోవడం చూపులో ఒక భాగం మాత్రమే. చదవాలంటే రెండు కళ్ళూ కలిసి ఒకే మాట మీద నిలవాలి, పుస్తకం దగ్గరికొచ్చేకొద్దీ ముక్కు వైపు తిరగాలి, లోపలి కటకం ఫోకస్ మార్చుకోవాలి, బోర్డు నుంచి నోటుబుక్కుకు, మళ్ళీ బోర్డుకు తడబడకుండా దూకాలి. ఇందులో ఏది కుదరకపోయినా చార్టు పూర్తిగా చదివే 6/6 చూపున్న పిల్లలు కూడా సాయంత్రానికి తలనొప్పి అంటారు, వరస తప్పుతారు, అక్షరాలు కదులుతున్నాయంటారు, ఒక కన్ను మూసుకుని చదువుతారు. చదువు ఎగ్గొట్టడానికి నెపమని మనం అనుకుంటాం. ప్లస్ పవర్ ఉన్న పిల్లలు కండరాన్ని బిగబట్టి చార్టు చదివేస్తారు కూడా. అందుకే ఆ కండరాన్ని సడలించే చుక్కల మందు వేసి చూడాలంటాం. మందు మండుతుంది, ఒక రోజు దగ్గరి చూపు మసకగా ఉంటుంది, బడి పోతుంది. అయినా ఆ పరీక్ష మానవద్దు.

కళ్ళు దగ్గరికి తిరగలేని లోపానికి నిపుణుల దగ్గర వారం వారం చేయించే అభ్యాసాలు బాగా పనిచేస్తాయి. ఇంట్లో పెన్సిల్ కొనను చూడటం కన్నా అదే మేలని 2008లో అమెరికాలో జరిగిన పరీక్షల్లో తేలింది. కానీ ఇలాంటి అభ్యాసాలతో డిస్లెక్సియా పోతుందని, మార్కులు పెరుగుతాయని ఎవరైనా వేలకు వేలు అడిగితే ఆలోచించండి. కళ్ళ శ్రమ తగ్గుతుంది. చదివింది అర్థం కావడంలో అదనపు లాభమేమీ తరవాతి పరీక్షల్లో కనపడలేదు. డిస్లెక్సియా ఉన్న బిడ్డకు కావలసింది చదవడం నేర్పే ప్రత్యేకమైన గురువు.

ఇప్పుడు లెన్సులు.

మొదట మనల్ని మనం అడుగుదాం, లెన్సు కావాలన్నది ఎవరు? బిడ్డా, మనమా? పాప కళ్ళజోడుతో హాయిగా ఉండి, ఫోటోలో బాగోదని మనకు అనిపిస్తుంటే ఆగుదాం. అయిష్టంగా పెట్టుకునే పిల్లలు శుభ్రత పాటించరు. బిడ్డే అడుగుతుంటే, కబడ్డీలో అద్దాలు జారిపోతున్నాయని, కూచిపూడి అరంగేట్రంలో వేదిక అంచు కనపడటం లేదని, బళ్ళో ఏడిపిస్తున్నారని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, ఆ కోరికను చిన్నదిగా చూడవద్దు. "మేమూ పెట్టుకున్నాం, మాకేమైంది?" అని కొట్టిపారేయవద్దు. పదమూడేళ్ళ వయసులో తన ముఖం గురించి వచ్చే దిగులు నిజమైన దిగులే. ముందు పలచటి అద్దాలు, ముఖానికి నప్పే ఫ్రేము ఇప్పించండి. దానితోనే తేలికపడే పిల్లలు చాలామంది. తేలికపడకపోతే లెన్సు ఆలోచిద్దాం.

కొందరికి లెన్సు అలంకారం కాదు, అవసరం. రెండు కళ్ళ పవర్ల మధ్య తేడా బాగా ఉన్నవారికి, కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియా మొనదేలే కెరటోకోనస్ ఉన్నవారికి, నెలల పసివయసులోనే శుక్లాల ఆపరేషను జరిగిన పాపాయిలకు దాని విలువ ఎంతో. ఇంకొందరికి ఇప్పుడే వద్దు. ఎండాకాలం వస్తే కళ్ళు ఎర్రబడి, దురదతో అదే పనిగా నులుముకునే పిల్లలకు ముందు అలర్జీ తగ్గాలి. ఆ నులమడం వల్లే కెరటోకోనస్ ముదిరే ప్రమాదం ఉంది. ఆ దురదకు మెడికల్ షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేస్తే నీటికాసులు, శుక్లాలు రావచ్చు. దురద తగ్గింది కదా అని మనం ఊరట పడే రోజుల్లోనే ఈ నష్టం జరిగిపోతుంటుంది.

వయసు ఎంత ఉండాలంటే, 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలు కూడా నేర్పితే బాగా వాడగలరని పరిశోధనల్లో తేలింది. వయసు కన్నా చెప్పకుండా చేతులు కడుక్కునే అలవాటు ముఖ్యం. రాత్రి నిద్ర ముంచుకొస్తున్నా లేచి పళ్ళు తోముకునే పిల్ల లెన్సు కూడా తీసి పడుకుంటుంది. పదిసార్లు చెబితే గానీ గోళ్ళు తీయించుకోని ఇంటర్ కుర్రాడికి ఇంకొన్నాళ్ళు ఆగమనాలి.

ఎంచుకోవడంలో పిల్లలకు నా మొదటి సలహా పొద్దున పెట్టి రాత్రి పారేసే రోజువారీ లెన్సులు. ఖర్చు ఎక్కువే. అది భారమనిపిస్తే ఆటల రోజు, వేడుకల రోజు మాత్రమే పెట్టుకుని మిగతా రోజులు కళ్ళజోడు వాడవచ్చు. నెలవారీ లెన్సులు చవకగా కనిపిస్తాయి, వాటికి సొల్యూషను, డబ్బా, రోజూ రుద్ది కడగడం అనే మరో చాకిరీ ఉంటుంది. ఏడాదంతా వాడే లెన్సులు పిల్లలకు వద్దు. సిలిండర్ పవర్ ఉంటే టోరిక్ రకం కావాలి. మైనస్ పెరుగుదలను నెమ్మదింపజేసే రోజువారీ లెన్సుకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది, 8 నుంచి 12 ఏళ్ళ మధ్య మొదలుపెట్టేలా. ఇదే పనికి రాత్రి పెట్టుకుని పొద్దున తీసేసే గట్టి లెన్సులూ ఉన్నాయి. రాత్రంతా కంటిలో ఉంటాయి కనుక ఇన్ఫెక్షన్ ప్రమాదం వాటితో ఎక్కువ, శ్రద్ధ తీసుకోగల ఇంటికే అవి తగినవి. కళ్ళజోడు చీటీ చూపించి లెన్సు కొనకూడదు. కంటి వంపు కొలవాలి. పవర్ కూడా మారుతుంది: కళ్ళజోడులో −6 ఉంటే లెన్సులో దాదాపు −5.5 సరిపోతుంది. పెళ్ళిళ్ళకు పెట్టుకునే రంగు లెన్సులు పవర్ లేనివైనా ఇలాగే కొలిచి తీసుకోవాలి. అక్కచెల్లెళ్ళు ఒకరివి ఒకరు మార్చుకోవడం అసలు కూడదు.

మెత్తని లెన్సును మొదట తయారుచేసింది ప్రాగ్ నగరానికి చెందిన ఒట్టో విఖ్తర్లే. 1961లో తన పిల్లల ఆటసామానుతో, సైకిల్ డైనమోతో ఇంట్లోనే ఒక యంత్రం బిగించి వాటిని చేశాడు. నీటిని పీల్చుకునే ప్లాస్టిక్ కావడం వల్లే అది కంటికి అంత మెత్తగా ఉంటుంది. ఆ గుణమే దాని ప్రమాదం కూడా, నీళ్ళలో ఏది ఉంటే అది పీల్చుకుంటుంది. కుళాయి నీళ్ళలో, బోరు నీళ్ళలో, ఈతకొలనులో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. కార్నియాలో చేరితే నెలల తరబడి వైద్యం, భరించలేని నొప్పి, ఒక్కోసారి చూపే పోతుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇళ్ళు మనవి. లెన్సు డబ్బాకూ అదే పట్టుదల కావాలి. సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా తుడుచుకున్నాకే లెన్సు ముట్టాలి. డబ్బాను సొల్యూషనుతోనే కడిగి ఆరబెట్టి, మూడు నెలలకోసారి మార్చాలి. స్నానానికి, ఈతకు, పుష్కరాల్లో మునకకు ముందు తీసేయాలి. హోలీ రోజు, దీపావళి రాత్రి కళ్ళజోడే క్షేమం. కాటుక లెన్సు పెట్టుకున్నాక పెట్టుకోవాలి, కనురెప్ప లోపలి అంచుకు తగలకూడదు. రాత్రి బస్సులో కునుకు పడుతుందనిపిస్తే ఎక్కేముందే తీసేయాలి. లెన్సుతో నిద్రపోతే ఇన్ఫెక్షన్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇవన్నీ పిల్లలకు నేర్పగలం. కష్టమైనది మరొకటుంది. కన్ను ఎర్రబడితే పిల్లలు దాచేస్తారు. చెబితే తిడతారని, లెన్సులు లాగేసుకుంటారని భయం. నొప్పి ఓర్చుకుంటూ రెండు మూడు రోజులు గడిపేస్తారు. కార్నియా మీద పుండు పడితే ఆ రెండు మూడు రోజులే చూపును నిర్ణయిస్తాయి. అందుకని లెన్సులు కొన్న రోజే బిడ్డతో ఒక ఒప్పందం చేసుకోండి: "కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుగు చూడలేకపోయినా, మసకగా ఉన్నా వెంటనే చెప్పు. లెన్సుతో నిద్రపోయి ఉన్నా, నీళ్ళతో కడిగి ఉన్నా అదీ చెప్పు. మేం ఒక్క మాట కూడా అనం." తర్వాత ఆ మాట మీద నిలబడండి. లెన్సు తీసి, పారేయకుండా డబ్బాతో సహా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంట్లో మిగిలిపోయిన చుక్కలు, చనుబాలు, ఆముదం, తేనె ఏదీ కంట్లో వేయవద్దు.

లెన్సులున్నాయి కదా అని కళ్ళజోడు పాత పవర్‌తోనే వదిలేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. అప్పుడు కన్ను అలసిన రోజు కూడా బిడ్డ లెన్సు తీయలేదు, తీస్తే ఏమీ కనపడదు. ఆరు నెలలకోసారి పరీక్ష చేయించినప్పుడు పవర్ మారితే అద్దాలు కూడా మార్పించండి. ఫ్రేము రంగు మాత్రం బిడ్డనే ఎంచుకోనివ్వండి.